పాముల్లేని దేశంలో నాగుల చవితి

ఐర్లండ్ గురించి మీరెవరైనా కనుక్కుంటే పచ్చిక అంటారు, వాన అంటారు, ఇప్పుడైతే ఉద్యోగాలంటారు. ఇక్కడ పాములు లేవన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. వాళ్ళ సెయింట్ పాట్రిక్ పూర్వం అన్నిటినీ సముద్రంలోకి తోలేశాడని ఆఫీసులో నా పక్క సీటతను చెప్పాడు. మంచుయుగం చివర మంచు కరిగే లోపల సముద్రం అడ్డం పడి అవి రాలేకపోయాయని మా ఆవిడ చెప్పింది. ఎవరి మాట నిజమో నాకు తెలియదు. పాము లేదు కాబట్టి పుట్టా లేదు. ఈ సంగతి నాకు మొక్కు మొక్కేసుకున్న తర్వాత గుర్తొచ్చింది.

స్వోర్డ్స్

మేముండేది డబ్లిన్ విమానాశ్రయం పక్కన స్వోర్డ్స్‌లో. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆవిడ సునీత మందుల ఫ్యాక్టరీలో సూక్ష్మజీవుల పరీక్షలు చేస్తుంది. నాది బాపట్ల, ఆమెది నల్లగొండ. వరంగల్లో చదువుకునే రోజుల్లో మొదలైన పరిచయం కాబట్టి నన్ను 'నువ్వు' అనే అంటుంది. కోపమొస్తే అదీ అనదు, సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ తనలో తను గొణుక్కుంటుంది. ఆ గొణుగుడు మా ఇంట్లో నాకొక్కడికే వినపడేది.

ఎందుకంటే మా అమ్మాయి సిరికి సరిగ్గా వినపడదు. ఆరేళ్ళ పిల్ల. కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు చేరిందన్నారు. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే అందుకుంటుంది, వెనక నుంచి పిలిస్తే లేదు. మా అద్దె ఇంట్లో నేలంతా చెక్కపలకలు. అందుకని పిల్లని పిలవాలంటే కాలితో నేల మీద రెండు దెబ్బలు కొట్టేవాళ్ళం. ఆ అదురు తెలిసి తల తిప్పేది. కింద అద్దెకున్నవాళ్ళు లేకపోవడం మా అదృష్టం.

చెవుల్లో చిన్న గొట్టాలు పెడతామని, దానికి మత్తు ఇవ్వాలని డాక్టరు చెప్పాడు. అక్టోబరు చివర వచ్చే లాంగ్ వీకెండ్ తర్వాత గురువారం ఆపరేషన్. గొట్టాల మాట నాకు ఫరవాలేదు గానీ, మత్తు అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను. అంత చిన్న పిల్ల, పడుకోబెట్టాక లేవకపోతే? బస్సులో ఇంటికొస్తూ, ఎవరూ అడక్కుండానే, "నాగేంద్రా, ఈ చవితికి పుట్టలో పాలు పోస్తాను, పిల్లని చల్లగా చూడు" అని అనేసుకున్నాను. నమ్మకమా అంటే చెప్పలేను. చిన్నప్పుడు నాకు చెవి కారుతుంటే మా నాయనమ్మ నాగుల చవితినాడు పుట్టమన్ను తెచ్చి పుట్టబంగారం అంటూ నా చెవులకి రాసింది. తగ్గిపోయింది. అదే వారంలో మా నాన్న చెవిలో చుక్కల మందు కూడా వేయించాడు. దేనివల్ల తగ్గిందో ఇప్పటికీ నాకు తేలలేదు.

సునీతకి మొక్కు సంగతి చెప్పలేదు. డోనిగల్ వెళదాం, పిల్లకి ఆపరేషన్ ముందు కాస్త మార్పుగా ఉంటుంది అన్నాను. నేను నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ముద్దలు కడుతుంటే వచ్చి చూసింది.

"ఏందిది? నాగుల చవితా? మా దిక్కు పంచమి చేస్తరు, శ్రావణంల. ఎప్పుడో అయిపాయె. మీ పాములు కార్తీకంల లేస్తయా?"

"మా వైపు ఆచారం అదీ. దారిలో తినడానికి చేస్తున్నాలే."

"దారిల తినేటందుకు అగరొత్తులు గూడ పెట్టినవ్ బ్యాగుల," అని వెళ్ళిపోయింది.

క్యారిక్

స్వోర్డ్స్ నుంచి డోనిగల్‌కి తిన్నగా పోయే రోడ్డు మధ్యలో కొంత దూరం ఉత్తర ఐర్లండ్‌లోంచి పోతుంది. అది వేరే ప్రభుత్వం. మన పాస్‌పోర్టుకి వేరే వీసా కావాలి. సరిహద్దులో గేటు లేదు, మనిషి లేడు, రోడ్డు అంచున గీత పసుపు నుంచి తెలుపుకి మారుతుందట, అంతే. "ఎవరు చూస్తారు మిమ్మల్ని?" అని ఆఫీసులో నవ్వారు. ఎవరూ చూడని చోట పట్టుబడడం మావాళ్ళకి అలవాటే కాబట్టి మేము స్లైగో మీదుగా చుట్టు తిరిగి పోయాం.

షానన్ నది ఒడ్డున క్యారిక్ అనే ఊళ్ళో టీకి ఆగాం. నది పొడుగునా కొత్త అపార్ట్‌మెంట్లు, వాటి నెత్తిన క్రేన్లు. ఇళ్ళు కట్టేవాళ్ళు కనపడ్డారు గానీ ఉండేవాళ్ళు కనపడలేదు. టీ కొట్టు ఆవిడ మాకు బ్రాక్ అనే ఎండుద్రాక్ష రొట్టె ముక్కలు వెన్న రాసి ఇచ్చింది. టీతో కలిపి మనిషికి ఐదు యూరోలు. ఇక్కడికొచ్చి మూడేళ్ళయినా యాభైతో హెచ్చవేయకుండా నాకు ముద్ద దిగదు. సిరికి ముద్ద దిగకపోవడానికి మాత్రం కారణం వేరు. పంటి కింద ఏదో కరకరమంది. తీసి చూస్తే ఉంగరం.

సునీత లేచి నిలబడింది. వంటింట్లో ఎవరి వేలి నుంచో జారి పడిందని మేమనుకున్నాం. టీ కొట్టు ఆవిడ చప్పట్లు కొట్టింది. హాలోవీన్ రోజుల్లో రొట్టెలో కావాలనే ఉంగరం పెడతారట. ఎవరికొస్తే వాళ్ళకి ఏడాది తిరిగేలోగా పెళ్ళి.

"ఆరేండ్ల పిల్లకా? గొంతుల పడితే?" అంది సునీత తెలుగులో.

ఆవిడ ఏమనుకుందో, "అవునవును, చాలా మంచి శకునం," అంది. సిరి ఉంగరం వేలికి పెట్టుకుని, "ఇట్స్ గ్రాండ్, మమ్మీ" అంది. మా పిల్లకి తెలుగు అంతో ఇంతో అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులోనే, అదీ ఇక్కడి యాసలో, బాగుంటే 'గ్రాండ్' అంటూ, మాట చివర 'లైక్' తగిలిస్తూ.

నోరా ఇల్లు

డోనిగల్ పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతి కారువాడూ స్టీరింగ్ మీంచి ఒక చూపుడువేలు పైకెత్తాడు. మొదటివాడు ఏదో హెచ్చరిస్తున్నాడనుకుని కారాపి టైర్లు చూసుకున్నాను. రెండోవాడు తిట్టాడనుకున్నాను. మూడోవాడికి నమస్కారం పెట్టాను. అది పలకరింపని రాత్రికి నోరా చెప్పింది.

నోరా మేము దిగిన బసకి యజమాని. లెటర్‌కెన్నీ దాటాక ఒక లోయలో ఆమె ఇల్లు. అరవై దాటిన మనిషి, ఎర్రటి బుగ్గలు. ప్రతిదాని ముందూ 'వీ' అంటుంది, అంటే చిన్నది అని. వీ టీ, వీ దుప్పటి, వీ పిల్ల. మాకు మాంసం అలవాటు లేదంటే ఒక్క క్షణం జాలిగా చూసి, బంగాళాదుంప రొట్టె, గుడ్లు, బీన్సు, మళ్ళీ బంగాళాదుంపలు పెట్టింది. మన ఇళ్ళల్లో లాగే, చాలంటే వినదు.

సునీత పిల్లకి స్నానం చేయించడానికి పైకి వెళ్ళినప్పుడు నేను వంటింట్లో నోరాని మెల్లిగా అడిగాను. "మీ దగ్గర్లో చీమల పుట్టలాంటిదేమైనా ఉందా? ఇంత ఎత్తున మట్టి దిబ్బ, కన్నాలుండాలి."

"ఎందుకు?"

"పాలు పోయాలి."

ఈ మాటకి నవ్వుతుందనుకున్నాను. నోరా కెటిల్ కింద పెట్టి తలుపు వైపు చూసింది.

"మా అమ్మ పోసేది," అంది. "ఆవు ఈనితే మొదటి పాలు ముళ్ళచెట్టు మొదట్లో పోసేది."

"ఎవరికి?"

"వాళ్ళకి."

అంతకంటే చెప్పలేదు. మా ఊళ్ళో చీకటి పడ్డాక పాముని పాము అనరు, పురుగు అంటారు. అందుకని ఆ 'వాళ్ళు' ఎవరో తెలియకపోయినా, ఎందుకు పేరు పెట్టదో నాకు అర్థమైంది. మెట్ట మీద తన మరిది హ్యూయీ పొలంలో ఒక కోట ఉందంది. కోటంటే గోడలూ బురుజులూ కాదట, గుండ్రటి మట్టి గట్టు, దాని చుట్టూ ముళ్ళచెట్లు. ఎన్ని వందల ఏళ్ళదో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల నేలంతా ఇళ్ళ స్థలాలకి అడుగుతున్నారు గానీ, 'వాళ్ళు' ఉండే చోటని ఆ పొలం ఎవరూ అడగరట.

"పాలు పోస్తే తప్పు లేదు. కానీ అక్కణ్ణించి ఏదీ తేవద్దు, ఆకు కూడా. గేటు వేయడం మర్చిపోవద్దు," అని, "ఈ రాత్రి గడియారాలు మారతాయి, తెలుసుగా?" అని కూడా చెప్పింది.

చలికాలం ముందు ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటికే నేను బాపట్ల పంచాంగంలోంచి ఐదున్నర గంటలు తీసేసి చవితి ఘడియలు లెక్క కట్టుకుని ఉన్నాను. ఇంకో గంట తీసేయాలా, కలపాలా? కాగితం మీద మూడుసార్లు వేస్తే మూడు జవాబులొచ్చాయి. చివరికి పొద్దున్నే వెళ్ళిపోతే ఏ లెక్కయినా సరిపోతుందని పడుకున్నాను.

గేటు

పొద్దున్న లేచేసరికి ఇల్లంతా నిద్రలో ఉంది. గోడ గడియారం ఒక వేళ చెబుతోంది, నా చేతి గడియారం ఇంకో వేళ చెబుతోంది. కిటికీలోంచి చూస్తే లోయ లేదు. రాత్రి ఉన్న కొండ, చర్చి, పక్కింటి పొగగొట్టం, ఏవీ లేవు. తెల్లటి పొగమంచు కిటికీ దాకా వచ్చి ఆగింది.

చప్పుడు కాకుండా వెళదామనుకున్నాను గానీ, మెట్ల దగ్గర సునీత సిరికి గులాబీ రంగు రబ్బరు బూట్లు తొడుగుతూ కూర్చుని ఉంది.

"కాఫీ తాగకుంట నువ్వు బయటికి పోతున్నవంటే ఉపాసమన్నట్టే. మేం గూడ వస్తం. ఈ పొగల నువ్వొక్కనివే పోతే నిన్ను దేవులాడుడు నా తోని గాదు."

నా జాకెట్ ఒక జేబులో పాల డబ్బా, ఇంకో జేబులో చిమ్మిలీ అగరొత్తులూ. ముగ్గురం మెట్టెక్కాం. రోడ్డు పక్క కంపల నిండా సాలెగూళ్ళు, మంచు బొట్లు పట్టి తెల్లగా ఉన్నాయి. తడి ఆకుల వాసన, ఇక్కడ పొయ్యిల్లో కాల్చే పీట్ మట్టి పొగ వాసన, దూరంగా ఎక్కడో పేడ వాసన. పేడ వాసనకి నాకు ప్రాణం లేచొచ్చింది. మన దగ్గర కార్తీకంలో తెల్లవారుజామున చలి అంటాం గానీ, అది స్నానం చేసి వస్తే పోయే చలి. ఇది చొక్కా లోపలికొచ్చి కూర్చుంటుంది.

హ్యూయీ పొలం గేటు ఇనుపది, నీలం తాడుతో కట్టి ఉంది. ముడి విప్పడానికే వేళ్ళు కొంకర్లు పోయాయి. లోపలికెళ్ళి మళ్ళీ కడదామంటే ఆ ముడి ఎలా వేశాడో అంతుపట్టలేదు. రెండు చుట్లు చుట్టి, గేటు దగ్గరికి లాగి వచ్చేశాను. తర్వాత కథకి ఇదే మూలం.

పొలంలో అడుగుపెట్టాక దిక్కులు పోయాయి. నోరా చెప్పింది 'పైకి' అని. ఎటు చూసినా తెలుపే అయినప్పుడు పైకి ఏదో కాళ్ళే చెప్పాలి. మధ్యలో నల్లటి తలకాయ ఒకటి మంచులోంచి బయటికొచ్చి మమ్మల్ని చూసి మళ్ళీ మంచులోకి పోయింది. సునీత నా చెయ్యి పట్టుకుంది. "పెయ్యలే," అన్నాను ధైర్యంగా. క్షణం ముందు నేనూ దాన్ని దయ్యమనే అనుకున్నాను.

కోట

చెట్లు ముందు కనపడ్డాయి. పొట్టివి, వంకర్లు తిరిగినవి, ఆకు రాలి ఎర్రటి పళ్ళు మాత్రం మిగిలినవి. వాటి కింద నడుమెత్తు మట్టి గట్టు గుండ్రంగా తిరిగి ఉంది. గట్టు పక్కన ఒక కన్నం. కుందేలుదే అయ్యుంటుంది. కానీ నల్లగా, నున్నగా, లోపలికి వంగి పోతున్న ఆ కన్నాన్ని చూడగానే నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పాము లేకపోతేనేం, చోటు ఉంది కదా.

పాలు పోశాను. చిమ్మిలి పెట్టాను. అగ్గిపుల్లలు తడిసి అగరొత్తులు వెలగలేదు, అలాగే గుచ్చాను. నాయనమ్మ చెప్పే మాటలు పెదాల మీదికొచ్చాయి. తెలియక తొక్కితే పగ పెట్టుకోవద్దని పాముకి చెప్పుకునే మాటలు. ఎవరికి చెబుతున్నానో తెలియలేదు. నాగేంద్రుడికా, నోరా పేరు చెప్పని 'వాళ్ళ'కా? ఎవరో ఒకరు వింటే చాలనుకున్నాను. సిరి ఇదంతా శ్రద్ధగా చూసి, "ఈజ్ ఇట్ ఫర్ ద రాబిట్?" అని అడిగింది.

వాళ్ళిద్దరూ అటు తిరిగారు కదా అని కన్నం అంచు నుంచి గుప్పెడు మట్టి తీశాను. నోరా వద్దన్న సంగతి గుర్తుంది. కానీ పుట్టబంగారం లేకుండా మొక్కు పూర్తయినట్టు నాకనిపించలేదు.

సునీత చూసింది.

"అదెందుకు?"

"ఊరికే. కొంచెం చెవులకి..."

"నీకు దిమాకున్నదా? గురువారం ఆపరేషన్ పెట్టుకొని చెవుల మట్టి పెడ్తవా? దీంట్ల ఏమేం పురుగులుంటయో నాకెరుక. దినాం అవే చూస్త నేను."

"లోపల పెడతానన్నానా? మా నాయనమ్మ..."

"మీ నాయనమ్మ పెట్టిందని నా బిడ్డకు పెడ్తవా? గందుకేనా గింత దూరం తెచ్చినవ్ మమ్మల్ని? మొక్కుకున్నవ్ గదా? నాకు చెప్పకుంటనే మొక్కుకున్నవ్!"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"అడిగినవా నువ్వు? భయమైతున్నదని ఒక్కపారన్న అన్నవా? నాకు గాదా భయం?"

మేమిద్దరం ఎదురెదురుగా నిలబడి ఉన్నాం, నా గుప్పెట్లో మట్టితో. పక్కకి చూశాను. సిరి నిలబడ్డ చోట సిరి లేదు.

మొదట గట్టు వెనకుందనుకున్నాం. చుట్టూ తిరిగాం, లేదు. "సిరీ!" అని అరిచాను. అరిచాక ఆ అరుపు ఎంత దండగో తెలిసింది. మామూలు పిల్లయితే మంచులో తప్పిపోయినా గొంతు విని వస్తుంది. మా పిల్ల పది అడుగుల దూరంలో ఉన్నా వినదు. అయినా అరిచాం, ఇద్దరం, పిచ్చివాళ్ళలా. ఇంట్లో అలవాటు కొద్దీ నేను నేల మీద కాలితో కొట్టాను. తడి నేల, బూటు చీలమండ దాకా దిగబడిపోయింది. మెట్ట కింద ఏరు పారుతున్న చప్పుడు ఎటునుంచో వస్తోంది. ఆ ఏరు ఎటుందో తెలియకపోవడమే అన్నిటికంటే భయంగా ఉంది.

"నువ్వు ఈడనే ఉండు, నేను కిందికి పోత," అని సునీత రెండడుగులు వేసి మాయమైంది. వెంటనే భయపడి నేనామెని పిలిచాను. ఆమె వెనక్కొచ్చి నా చెయ్యి పట్టుకుంది. విడిపోతే ముగ్గురం మూడు చోట్ల, కలిసుంటే వెతికేవాళ్ళు లేరు. ఏది సరైనదో ఇద్దరికీ తోచలేదు.

పెయ్యలు

అప్పుడు ఎవరో అరవడం వినపడింది. మగ గొంతు, మంచి కోపంగా ఉంది. ఇనుప బకెట్టు మీద దేంతోనో టంగుటంగుమని కొడుతూ, "సుక్! సుక్! సుక్!" అంటోంది. మేము అటు పరిగెత్తాం. మంచులోంచి ఒక ముసలాయన బయటపడ్డాడు. టోపీ, పాత కోటు, చేతిలో దాణా బకెట్టు. హ్యూయీ.

"గేటు తీసిన మొనగాడివి నువ్వేనా?" అన్నాడు. "మూడు రోడ్డెక్కాయి. మిగతావి కూడా పోకముందే పిలుచుకోవాలి."

"మా పాప..." అన్నాను.

"గడియారం మారింది మీకూ నాకూ. వాటికేం తెలుసు? వాటి వేళకి అవి బకెట్టు కోసం చూస్తాయి."

"మా పాప తప్పిపోయింది! ఆమెకి వినపడదు!"

ఆయన నా మాట విన్నాడో లేదో తెలియదు, ఎందుకంటే అరుస్తూనే ఉన్నాడు. నేను "సిరీ" అని, ఆయన "సుక్" అని, సునీత నల్లగొండ దేవుళ్ళందరినీ. ఆయన పశువుల కోసం, మేము పిల్ల కోసం, ఎవరికి ఎవరు సాయం చేస్తున్నామో ఎవరికీ తెలియదు. ఇంత గందరగోళంలో నేను ఎప్పుడూ నిలబడలేదు.

నేల అదరడం మొదలైంది. మంచులోంచి తలకాయలొచ్చాయి. నల్లవి, ఎర్రవి, ముక్కుల్లోంచి ఆవిరి వదులుతూ వరసగా వస్తున్నాయి. నాలుగోదో ఐదోదో ఎర్రటి పెయ్య. దాని పొట్ట మీద చిన్న చెయ్యి. ఆ చేతికి క్యారిక్ ఉంగరం. పక్కన గులాబీ బూట్లు.

పెయ్యలతోపాటు సిరి కూడా బకెట్టు దగ్గరికొచ్చి ఆగింది. మా మొహాలు చూసి ఏమైందో అర్థం కాక, "దే వర్ ఆల్ గోయింగ్, డాడీ. సో ఐ వెంట్," అంది.

సునీత బురదలో మోకాళ్ళ మీద కూలబడి పిల్లని గట్టిగా పట్టుకుంది. నేను ఏడ్చాను. ముసలాయన ముందు, పెయ్యల ముందు, సిగ్గులేకుండా ఏడ్చాను. హ్యూయీ బకెట్టు కింద పెట్టి టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. పిల్ల సంగతి అప్పుడే ఆయన బుర్రకెక్కినట్టుంది. "యేసూ," అని మాత్రం అన్నాడు. తర్వాత నా చెయ్యి వంక చూశాడు.

"అదేమిటి నీ గుప్పెట్లో?"

అప్పటిదాకా వదల్లేదని నాకే తెలియదు. వేళ్ళ సందుల్లోంచి మట్టి కారుతోంది.

"కోటలోదా? పాలు పోస్తారని నోరా చెప్పింది. సరే, పోసుకోండి. ఇది మాత్రం పెట్టెయ్యి. ఎక్కడిదక్కడ. నేను నమ్ముతానని కాదు," అన్నాడు. ఆ మాట అంటూ ముళ్ళచెట్ల వైపు ఒకసారి చూశాడు.

పెట్టేద్దామని తిరిగాను. సునీత లేచి నా మణికట్టు పట్టుకుంది. నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. మట్టిలో చూపుడువేలు అద్ది, సిరి కుడి చెవి తమ్మెకి ఒక చుక్క, ఎడమ చెవి తమ్మెకి ఒక చుక్క పెట్టింది.

"లోపల గాదు," అంది నా వైపు చూడకుండా. "బయటనే. ఇంటికి పోంగనే సబ్బుతోని కడుగుత. ఇగ పోయి పెట్టిరా మిగిలింది."

హ్యూయీ దీనికి ఒప్పుకుంటాడో లేదో అని చూశాను. ఆయన వంగి పిల్ల చెవులు రెండూ చూశాడు. "అది తీసుకుపోయినట్టు కాదు లే," అన్నాడు చివరికి. "పిల్ల ఆడుకుంటే అంటినట్టే." తర్వాత, "ఇంతకీ పాలు ఎవరికి పోశావు?" అనడిగాడు.

"పాములకి."

"ఇక్కడ పాములు లేవు."

"తెలుసండీ."

ఆయన తల ఊపాడు. "సరేలే. ఆ కోటలోవాళ్ళని కూడా ఎవరూ చూడలేదు."

మిగిలిన మట్టి కన్నం దగ్గర పెట్టొచ్చి, రోడ్డెక్కిన మూడింటినీ పట్టుకురావడానికి నేనూ వెళ్ళాను. ఇటు తోలితే అటు పోయి, మంచు విడేదాకా తిప్పలు పెట్టాయి. గేటు ముడి ఎలా వేయాలో హ్యూయీ రెండుసార్లు చూపించాడు. నాకు ఇప్పటికీ రాదు. నోరా ఇంటికెళ్ళేసరికి ఆమె టేబుల్ మీద ఐదుగురికి సరిపడా బంగాళాదుంపలు వేయించి పెట్టింది. నాకు ఉపవాసమని మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది. సిరి చెవుల మీది చుక్కలు చూసి ఆమె ఏమీ అడగలేదు, ఒక గుడ్డ తడిపి సునీతకిచ్చింది. సునీత దాన్ని పక్కన పెట్టింది. సబ్బుతో కడగడం మర్నాడు స్వోర్డ్స్ చేరాక గానీ జరగలేదు.

మళ్ళీ స్వోర్డ్స్

గురువారం పిల్లని లోపలికి తీసుకుపోయినప్పుడు మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. ఈసారి నాకు భయమైతోందని నేనే ముందు చెప్పాను. "నాక్కూడ," అంది సునీత. కాసేపటికే తలుపు తీసి, అంతా బాగుంది రమ్మన్నారు. సిరి మత్తు మత్తుగా ఐస్‌క్రీమ్ అడిగింది.

ఎవరికి దణ్ణం పెట్టాలో నాకు తెలియడం లేదు. డాక్టరుకి పెట్టాను, ఆయన కంగారుపడ్డాడు. నాగేంద్రుడికి మనసులో పెట్టాను. నోరాకి ఫోన్ చేసి చెబితే, హ్యూయీకి చెబుతానంది. హ్యూయీ ఎవరికి చెబుతాడో నేను అడగలేదు.

డబ్లిన్ దగ్గర కుందేలు కన్నాలున్న దిబ్బ ఎక్కడైనా దొరుకుతుందా అని ఆ ఆదివారం మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను, వచ్చే ఏడాది డోనిగల్ దాకా పోకుండా. సునీత వంటింట్లో ఉంది. కుళాయి తిప్పి ఉంది, గిన్నెలు కడుగుతోంది. తనలో తను ఏదో గొణుక్కుంటోంది, నాకే సరిగ్గా వినపడలేదు. సిరి హాల్లో వంటింటికి వీపు పెట్టి, నేల మీద బొమ్మలేసుకుంటోంది. తలెత్తి నా వంక చూసింది.

"డాడీ, మమ్మీ సేస్ నీ తలకాయల పాములున్నయంట."

వంటింట్లో కుళాయి ఆగిపోయింది. సునీత సబ్బు చేతులతో గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. నేను మ్యాప్ వదిలేశాను.

సిరి మళ్ళీ బొమ్మ మీదికి వంగి, ఎర్ర పెన్సిల్ వెతుక్కుంటూ అంది. "బట్ దేర్ ఆర్ నో స్నేక్స్ ఇన్ ఐర్లండ్, లైక్."